తరుగు

ఎనుమాముల మార్కెట్ల దడువాయిని నేను.
ఇరవై రెండేండ్ల సంది నా పని ఒక్కటే:
కాంటా మీది అంకెను
యార్డు ఆ కొస దాక ఇనబడేటట్టు ఒర్రుడు.
నలభై రెండున్నర! ముప్పై తొమ్మిది!
రైతు ముఖం, సేటు ముఖం
నా నోట్లకెల్లి వచ్చే అంకెను బట్టే మారుతయి.

పోయిన నెల
నా బిడ్డ రుచిత అంకెను ఇంకెవరో ఒర్రిండ్రు.

మట్టెవాడ బడిల హెల్త్ క్యాంపట.
తొమ్మిదో తరగతి, ఆడ మగ ఒక్కటే లైను.
పీటీ సారు కండ్లద్దాలు ముక్కు మీదికి దించి
"డెబ్బై ఎనిమిది" అన్నడట.
రాసుకునే పిల్ల ఇనబడలేదంటే మళ్లొకసారి.
ఎనుకకెల్లి ఎవడో:
"వాళ్ల నాయిన తాన లారీ కాంటా ఉన్నది సార్,
ఆడికి తోలుండ్రి."
లైనంత నవ్విండ్రు.
సారు గూడ, కొద్దిగ.

ఇదంత అప్పుడు నాకు బిడ్డ చెప్పలే.
టిఫిన్ డబ్బా చెప్పబోయింది, నేనే ఇనలే.
తోమినట్టు వస్తుండె రోజూ,
ఒక్క మెతుకు అంటక, పచ్చడి వాసన గూడ లేక.
పిల్ల మంచిగ తింటున్నదని మురిసిన.
బడి ఎనుక మోరీ కాడ కుక్కలు
ఆమె తొవ్వ చూస్తున్నయని నాకేమెరుక.

తాలున్నదని, తేమున్నదని
బస్తాకు రెండు కిలోలు తరుగు తీస్తరు మా కాడ.
రైతు నోరు మూసుకొని ఒప్పుకుంటడు.
నా బిడ్డ
ఎవరూ అడుగకముందే
తన తరుగు తానే తీసుకుంటున్నది.

శనివారం ప్రార్థన కాడ కూలవడ్డది.

ఎంజీఎంల నర్సమ్మ, సుభాషిణి అని బిళ్ల మీద ఉన్నది,
మిషను మీద నిలవెట్టి
అంకెకు అరచెయ్యి అడ్డం పెట్టింది.
"చూస్తవా బిడ్డా, అటు తిరుగుతవా? నీ ఇష్టం."
రుచిత గోడ దిక్కు తిరిగింది.
నర్సమ్మ రాసుకున్నది. చప్పుడు లేదు.
తూకం ఇట్ల గూడ చదువొచ్చని
ఆ పొద్దే నాకు తెలిసింది.

ఇదే దవాఖాన్ల, పద్నాలుగేండ్ల కింద,
"మూడు కిలోల ఆరు వందలు!" అని
వరండా అంత ఇనబడేటట్టు ఒర్రినోన్ని.
చేతిల మైసూర్‌పాకు డబ్బా.
ఆ అంకె ఏ యేడు తిట్టయిందో యాదికి లేదు.
యాదికున్నది ఒక్కటే.
పరకాల పెండ్లిల మా బామ్మర్ది
"బిడ్డ కాదు బావా, బోరెం" అంటే
అందరి కంటే ముందుగాల నవ్వింది నేనే.
ఆమె ఎదురు బంతిల కూసున్నది.
లడ్డును ఆకుల ఒక మూలకు జరిపింది.

ఇంటికొచ్చే ఆటోల ఏదన్న చెప్పాలె అనుకున్న.
చపాట మిర్చి సంగతి నాలిక మీదికొచ్చింది,
లావుగ, గుండ్రంగ, బుగ్గలు ఉబ్బి ఉంటది,
మస్తు రేటు పలుకుతది బిడ్డా అని.
మింగిన.
అది గూడ రేటే గద.
పిల్లను మళ్ల కాంటా ఎక్కించుడే గద.
"నేను గూడ నవ్విన బిడ్డా, ఆ పెండ్లిల" అన్న.
ములుగు రోడ్డు దాటేదాక ఏమనలే.
"నాకెరికనే" అన్నది.
అటెన్క లైను సంగతి చెప్పింది,
లారీ కాంటా సంగతి చెప్పింది,
బయటికి చూసుకుంట, ఇంకెవరి గురించో చెప్పినట్టు.

సోమవారం ఆ సారు కాడికి పోవాలె.
ఏమనాల్నో తెల్వది.
నా గొంతు చిన్నగ రాదు.

రాత్రి వాళ్లమ్మ పప్పుచారు కాచింది.
రుచిత కొంచెం తిన్నది, ఇడిచిపెట్టింది,
చెయ్యి ఎండినంక మళ్ల కొంచెం తిన్నది.
ఎన్ని ముద్దలో
నేను లెక్క వెట్టలే.